కారులోనే రాత్రి పడుకోవాల్సి వస్తే

హైవే అంచున బండి ఆపి పడుకోవద్దు. నిద్రమత్తులో వచ్చే లారీ డ్రైవరుకు ఆగి ఉన్న కారు చివరి క్షణం దాకా కనిపించదు. రాత్రంతా తెరిచి ఉండే పెట్రోల్ బంకో, లారీలు ఆగే పెద్ద ధాబానో వెతకండి. అక్కడివాళ్లను ఒక మాట అడిగి, లైటు వెలుగు పడే చోట, బండి ముక్కు రోడ్డువైపు ఉండేలా రివర్స్‌లో పెట్టండి. లేవగానే నేరుగా బయటపడొచ్చు.

ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి నిద్రపోవడం మాత్రం ప్రాణాంతకం. సైలెన్సర్ పైపుకు చిల్లుంటే, లేదా వెనక గోడ దగ్గరగా ఉంటే, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. మెలకువలో ఉంటే తలనొప్పి, వికారం హెచ్చరిస్తాయి, నిద్రలో ఆ అవకాశమూ లేదు. చలికాలం అరకు వైపు వెళ్లేవాళ్లు బొగ్గుల కుంపటి కూడా లోపల పెట్టకూడదు. దుప్పట్లు తీసుకెళ్లండి.

ఎదురెదురు అద్దాలు వేలు దూరేంత దించి, దోమతెర గుడ్డ కట్టండి. తలుపులు లాక్ చేసి, తాళం చేతికందే ఒకే చోట ఉంచండి. లొకేషన్ ఇంటికి పంపండి. ఎవరైనా అద్దం తడితే దించకుండానే మాట్లాడండి. అనుమానం వస్తే హారన్ కొట్టి కదిలిపోండి, 112కు ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద బండి చెడిపోతే 1033.