కెర్నెల్‌లో నంబర్ పార్సింగ్ ప్యాచ్ వస్తే ఎక్కడెక్కడ చూడాలి

ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మా రూముకి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే జూనియర్ల మొదటి లినక్స్ ప్యాచ్ (కెర్నెల్ కోడ్‌లో చేసే మార్పు) చాలాసార్లు ఒకటే: అంకెల స్ట్రింగ్‌ని నంబరుగా మార్చే పాత ఫంక్షన్ తీసేసి కొత్తది పెట్టడం. "చెక్‌ప్యాచ్ వార్నింగ్ ఇచ్చింది, సింపుల్ స్ట్ర్‌టుయూఎల్ తీసేసి కేస్ట్ర్‌టుయూఎల్ పెట్టాం అన్నా, అంతే" అంటారు (చెక్‌ప్యాచ్ అంటే ప్యాచ్‌లో తప్పులు వెతికే కెర్నెల్ స్క్రిప్ట్). అంతే కాదు తమ్ముడూ, అక్కడ ప్రవర్తనే మారిపోయింది.

పాత ఫంక్షన్‌కి 100ఎంఎస్ అని ఇస్తే 100 తీసుకుని ఊరుకునేది, ఖాళీ స్ట్రింగ్‌కి 0 ఇచ్చేది, ఓవర్‌ఫ్లో అయినా, అంటే విలువ టైపులో పట్టకపోయినా, నోరెత్తేది కాదు. కొత్తదానికి స్ట్రింగ్ మొత్తం నంబరే అయి ఉండాలి. ఎకో కమాండ్ చివర తగిలించే న్యూలైన్ ఒక్కటి ఒప్పుకుంటుంది, రెండోది ఒప్పుకోదు, ముందు స్పేస్ ఉన్నా ఒప్పుకోదు. కాబట్టి ఎవరి స్క్రిప్టో ఏళ్ల తరబడి ఆ సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్లోకి (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లలా కనిపించే చోటు) 100ఎంఎస్ రాస్తుంటే రేపటి నుంచి దానికి ఈఇన్‌వాల్ (చెల్లని విలువ) ఎర్రర్ వస్తుంది, కెర్నెల్ వాళ్లు యూజర్ ప్రోగ్రాములు విరిగితే అస్సలు ఊరుకోరు. కమిట్ మెసేజ్‌లో ఈ తేడా రాయకపోతే ముందు అదే అడగండి. నంబర్ తర్వాత కామానో కోలనో ఉండి మిగతాది కూడా చదవాల్సిన చోటైతే పాతదాన్ని అలాగే ఉండనివ్వండి, వార్నింగ్‌కి భయపడక్కర్లేదు.

తర్వాత స్ట్రింగ్ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. సిస్‌ఎఫ్‌ఎస్ స్టోర్ ఫంక్షన్‌కి (ఫైల్లోకి రాసినప్పుడు నడిచేది) వచ్చే బఫర్ చివర నల్, అంటే స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే సున్నా బైటు, ఉంటుంది. ప్రాక్ (/proc) ఫైల్ రైట్‌లో నేరుగా వచ్చేది యూజర్ పాయింటర్ (యూజర్ ప్రోగ్రాం మెమరీ అడ్రస్), చివర నల్ ఉంటుందన్న గ్యారంటీ లేదు, అక్కడ పేరు చివర ఫ్రమ్_యూజర్ ఉన్న ఫంక్షన్ వాడాలి. స్టోర్ ఫంక్షన్ అంతా సరిగ్గా చేసి చివర 0 రిటర్న్ చేస్తే ఒక్క బైటూ రాయలేదని అర్థం, కొన్ని ప్రోగ్రాములు మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చుంటాయి. కౌంట్ (వచ్చిన బైట్ల సంఖ్య) రిటర్న్ చేయాలి.

టైపు సంగతి. అన్‌సైన్డ్ లాంగ్‌లోకి చదివి యూ8 లో (8 బిట్లు, 255 దాకానే) పడేస్తే 256 కాస్తా 0 అవుతుంది. దానికి కేస్ట్ర్‌టుయూ8 ఉండనే ఉంది. ఫెయిలైతే "రిటర్న్ మైనస్ ఈఇన్‌వాల్" అని చేత్తో రాసినా ఆపండి, ఈరేంజ్ (విలువ పరిధి దాటిందనే ఎర్రర్) మింగేసినట్టే, వచ్చిన ఎర్రర్‌నే పైకి పంపమనండి.

బేస్ (ఏ సంఖ్యామానంలో చదవాలో చెప్పేది) 0 ఇచ్చారా, 10 ఇచ్చారా? 0 ఇస్తే ముందు సున్నా ఉన్న నంబర్‌ని ఆక్టల్ (ఎనిమిది అంకెల లెక్క) అనుకుంటుంది: 010 అంటే 8, 08 అంటే ఎర్రర్. యూజర్లు ముందు సున్నా పెట్టి రాసే ఫైలైతే ఇది బాగా కొరుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఎవరైనా సొంతంగా లూప్ రాసినప్పుడు. పదితో గుణించి, అంకె కలిపి, ఫలితం పాతదానికంటే చిన్నదైతే ఓవర్‌ఫ్లో అంటారు. తప్పు. 32 బిట్లలో 5000000000 ఇచ్చి చూడండి: 500000000 దాకా బాగానే వచ్చి, తర్వాతి సున్నాకి 705032704 అవుతుంది. అది పాతదానికంటే పెద్దదే, చెక్ హాయిగా పాసైపోతుంది. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) పిగిలాక చూసి లాభమేంటి, కుక్కేముందే చూడాలి: గరిష్ఠం లోంచి అంకె తీసేసి పదితో భాగిస్తే వచ్చేదానికంటే ఇప్పటి విలువ పెద్దదైతే అక్కడే ఆగాలి. కెర్నెల్ కేస్ట్ర్‌టుఎక్స్ ఫైల్లో చేసేదీ ఇదే, కాకపోతే 32 బిట్ మెషీన్లో 64 బిట్ల భాగహారం ఖరీదు కాబట్టి పై 4 బిట్లు ఖాళీగా ఉన్నంతసేపు ఆ భాగహారం జోలికే పోదు. బేస్ 16 దాటదు కదా, పై 4 బిట్లు ఖాళీ అయితే ఎలా గుణించి కలిపినా 64 బిట్లలో పడుతుంది. ఆ నాలుగు లైన్లు ఒకసారి కాగితం మీద వేసుకుని చూడండి, ముచ్చటగా ఉంటాయి.

ఓకే చెప్పేముందు ఇంట్ అయితే 2147483647, 2147483648, -2147483648, -2147483649, ఖాళీ స్ట్రింగ్, ఒట్టి ప్లస్, ఒట్టి మైనస్, 0ఎక్స్ ఇవన్నీ ఇచ్చి ఏమొచ్చిందో ప్యాచ్ రాసినవాళ్లనే పంపమనండి.