మనిషి పుట్టుక, ఇంట్లో కూర్చుని నేర్చుకుందాం – 4వ భాగం: కొమ్మల పటం చదవడం

పోయిన భాగంలో ఇచ్చిన ప్రశ్న సంగతి ముందు తేల్చేద్దాం. పుర్రె ఒక్కటే దొరికింది, కాళ్ల ఎముకలు దొరకలేదు. ఆ జీవి రెండు కాళ్ల మీద నడిచేదో లేదో ఎట్లా చెప్తాం? జవాబు పుర్రె అడుగునే ఉంది. మెదడు నుంచి వెన్నుపాము కిందికి దిగే పెద్ద రంధ్రం నాలుగు కాళ్ల జంతువుల్లో వెనక వైపుకు ఉంటుంది. నిటారుగా నడిచే మనిషిలో అది దాదాపు పుర్రె మధ్యకు వచ్చేస్తుంది. 1924లో దక్షిణాఫ్రికాలోని టౌంగ్ దగ్గర ఒక పసిబిడ్డ పుర్రె దొరికింది. అది నిటారుగా నడిచిన జీవిదేనని మరుసటి ఏడాది రేమండ్ డార్ట్ అనే శాస్త్రవేత్త వాదించడానికి ఈ రంధ్రం ఉన్న చోటే పెద్ద ఆధారం. ఇంతవరకు రాసినవాళ్లు ముందుకు రావచ్చు. రాయనివాళ్లు మూడో భాగం ఇంకోసారి తిరగేసి రండి, తొందరేం లేదు.

ఈసారి నేర్చుకునేది కొమ్మల పటం చదవడం. ఒక తెల్ల కాగితం, పెన్సిల్, రబ్బరు, చేతి అద్దం, ఫోన్‌లో టార్చ్ ఉంటే చాలు.

ఈ పాఠం ఎందుకంటే ఒకే ఒక ప్రశ్న కోసం. "కోతి నుంచే మనిషి వచ్చాడు కదా, మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి సార్?" హనుమకొండలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు అడుగుతారు, రిటైరైన పెద్దమనుషులూ అడుగుతారు. కొందరు నిజంగా తెలుసుకుందామని అడుగుతారు, కొందరు మనల్ని ఇరికిద్దామని. ఎవరు అడిగినా తప్పు వాళ్లది కాదు, వాళ్ల మనసులో ఉన్న బొమ్మది. ఎడమ వైపు వంగిన కోతి, తర్వాత కొంచెం లేచినది, చివర్లో నిటారుగా నడిచే మనిషి. రుడాల్ఫ్ జాలింగర్ 1965లో వేసిన వరుస బొమ్మకు ఇవన్నీ నకళ్లే. టీషర్టుల మీద, వాట్సాప్ జోకుల్లో, చివరికి గైడు పుస్తకాల అట్టల మీద కూడా ఇదే. బొమ్మ వేసినాయన చేయి మంచిదే. కానీ అది చూసినవాళ్ల తలలో మాత్రం పరిణామమంటే ఒకరి వెనక ఒకరు నిలబడిన క్యూ అని నాటుకుపోయింది. క్యూ కాదు, కొమ్మలు. చార్లెస్ డార్విన్ 1837లోనే తన నోటుబుక్కులో కొమ్మలు చీలే చిన్న బొమ్మ గీసుకున్నాడు. 1859లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉన్నది ఒకే ఒక్క పటం, అది కూడా కొమ్మలదే.

మొదటి గీత: మీ ఇల్లు

కాగితం పైన మీ నాన్న వైపు ముత్తాత పేరు రాయండి. ఆయన కింద ఇద్దరు కొడుకులు: మీ తాత, మీ చిన్నతాత. తాత కింద మీ నాన్న, పెద్దనాన్న. నాన్న కింద మీరు, పెద్దనాన్న కింద ఆయన కొడుకు. చిన్నతాత వైపు కూడా అట్లే దిగి ఆయన మనవడి దాకా రండి. అట్టడుగు వరుసలో ముగ్గురు ఉండాలి: మీరు, మీ పెద్దనాన్న కొడుకు, చిన్నతాత మనవడు.

మీ నుంచి, పెద్దనాన్న కొడుకు నుంచి పైకి గీతలు పట్టుకుని వెళ్తే రెండూ కలిసే చోటు తాత. దాన్ని మనం చీలిక అందాం. చిన్నతాత మనవడిని కలవాలంటే ఇంకో మెట్టెక్కి ముత్తాత దాకా పోవాలి. అంటే మీకు పెద్దనాన్న కొడుకు దగ్గర, చిన్నతాత మనవడు దూరం. బంధుత్వాన్ని కొలిచేది ఇదొక్కటే: ఏ చీలిక దగ్గర కలుస్తారు, అది ఎంత కింద ఉంది. పోలికలు కాదు, ఎవరు గొప్ప అన్నది అసలే కాదు.

ఇప్పుడు పేర్లు తారుమారు చేసి మళ్లీ గీయండి. మిమ్మల్ని ఎడమ చివరకు నెట్టి, పెద్దనాన్న కొడుకును మధ్యలోకి తెచ్చి, చిన్నతాత మనవడి పక్కన పెట్టండి. కాగితం మీద వాళ్లిద్దరూ పక్కపక్కనే ఉన్నారు. బంధుత్వం మారిందా? లేదు. చీలిక దగ్గర కొమ్మలను అటూ ఇటూ తిప్పినా పటం అదే పటం. నేర్చుకునేవాళ్లలో సగం మంది ఇక్కడే పొరబడతారు, పక్కన ఉంటే చుట్టమనుకుంటారు. ఇంకో మాట: మీరు పెద్దనాన్న కొడుకు నుంచి పుట్టారని ఎవరూ అనరు. మీరు పుట్టారు కాబట్టి ఆయన ఉండకూడదనీ అనరు.

ఇంటి పటానికి, జీవుల పటానికి ఒక తేడా ఉంది. ఇంట్లో ఒక్కో పేరు ఒక్కో మనిషి. జీవుల పటంలో ఒక్కో గీత వేల తరాల పాటు నడిచిన ఒక పెద్ద గుంపు. తాత ఒక్కడే ఉన్నట్టు అక్కడ ఒక్క కోతి, ఒక్క జంట ఉండదు. ఇది గుర్తుంచుకుంటే చాలు.

రెండో గీత: మనమూ మన చుట్టాలూ

కొత్త కాగితం తీసుకోండి. కింద అడ్డంగా ఆరు పేర్లు: కోతి, కొండెంగ, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, మనిషి. ఆరూ ఇవాళ బతికి ఉన్నవే, అందుకే ఆరూ ఒకే గీత మీద ఉండాలి. ఎవరినీ పైకి ఎక్కించొద్దు.

ముందు మనిషిని, చింపాంజీని కలపండి. ఆ చీలిక సుమారు 60–70 లక్షల ఏళ్ల కిందటిది. ఆ జతకు గొరిల్లాను కలపండి, అది దాదాపు 80 లక్షల నుంచి కోటి ఏళ్లు. ఆ ముగ్గురికి ఒరాంగుటాన్‌ను కలిపే చీలిక 1.2 నుంచి 1.6 కోట్ల ఏళ్ల కిందటిది. ఈ నలుగురినీ ఏప్‌లు అంటారు. గిబ్బన్లూ ఏప్‌లే, ఇక్కడ వదిలేద్దాం. అటు కోతిని, కొండెంగను వేరేగా కలపండి. చివరగా ఈ రెండు కట్టలనూ ఒకటి చేసే పెద్ద చీలిక గీయండి, అది 2.5 నుంచి 3 కోట్ల ఏళ్ల నాటిది. డీఎన్ఏలో తేడాలు, రాళ్లలో దొరికిన శిలాజాలు రెండూ పక్కపక్కన పెట్టి వేసిన అంచనాలివి. అందుకే ఒకే అంకె చెప్పకుండా ఇంత నుంచి ఇంత అంటున్నాను.

ఇక చదవండి. చింపాంజీకి దగ్గరి చుట్టం గొరిల్లానా, మనిషా? చూడ్డానికి ఒళ్లంతా వెంట్రుకలతో చింపాంజీ, గొరిల్లా అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ గీతలు పట్టుకుని పైకి పోండి. చింపాంజీ ముందు కలిసేది మనిషితో. గొరిల్లా ఆ తర్వాతే.

రెండోది ఇంకా తమాషా. భద్రకాళి గుడి దగ్గర మీ చేతిలోని కొబ్బరి ముక్క లాక్కుపోయిన కోతి ఉందే, దానికి ఎవరు దగ్గర, చింపాంజీనా మనిషా? చాలామంది తడుముకోకుండా చింపాంజీ అంటారు. కోతి నుంచి గీత పట్టుకుని పోతే చింపాంజీని కలిసే చీలికా, మిమ్మల్ని కలిసే చీలికా ఒకటే. కాబట్టి కోతికి చింపాంజీ ఎంత దూరమో మనమూ అంతే దూరం, ఒక్క ఏడాది కూడా తేడా లేదు. చింపాంజీ మనకూ కోతికీ మధ్య మెట్టు కాదు.

మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరికింది. ఆ పెద్ద చీలిక దగ్గర ఉన్న జీవి ఇవాళ్టి కోతి కాదు. దాని వారసుల్లో ఒక కట్ట మన వైపు మారుతూ వచ్చింది, ఇంకో కట్ట కోతుల వైపు మారుతూ వచ్చింది. 2.5 కోట్ల ఏళ్లు మనకు గడిచినట్టే వాటికీ గడిచాయి. "ఈ కోతులు ఎప్పటికైనా మనుషులవుతాయా?" అంటే కావు. ఏ కొమ్మా వెనక్కి వచ్చి పక్క కొమ్మ మీదుగా మళ్లీ పెరగదు.

పటాన్ని నమ్మడం ఎట్లా? కోతినే చూద్దాం

నేను చెప్పాను కదా అని ఒప్పుకోవద్దు. ఆధారాలు మన వీధిలోనే తిరుగుతున్నాయి. ఉత్తర తెలంగాణలో కోతుల బెడద గురించి కొత్తగా చెప్పాలా? మక్క చేనుకు కాపలా కాసే రైతును అడిగితే ఇంకా బాగా చెప్తాడు. చదువుకునేవాళ్లకు మాత్రం ఇదో అవకాశం. మేడ మీద నుంచో కిటికీలో నుంచో చూడండి. తినడానికి ఏమీ ఇవ్వొద్దు, కళ్లలోకి సూటిగా చూడొద్దు. అట్లా చూస్తే వాటికి బెదిరింపే.

మన దగ్గర రెండు రకాల కోతులు కనిపిస్తాయి. ఒకదాని నడినెత్తి మీద వెంట్రుకలు సుడి తిరిగి చిన్న టోపీ పెట్టినట్టుంటాయి, తోక ఒంటి కంటే పొడుగు. అది దక్షిణాది బోనెట్ కోతి. ఇంకోదానికి ఆ టోపీ లేదు, తోక పొట్టి, నడుం వెనక భాగం తుప్పు రంగు. అది ఉత్తరాది రీసస్ కోతి. పాత పుస్తకాలు ఈ వైపున రెండింటికీ గోదావరే సరిహద్దు అని రాశాయి. రీసస్ ఆ గీత దాటి దక్షిణానికి పాకుతూ, బోనెట్‌ను వెనక్కి నెడుతోంది. మీ వాడలో తిరిగే మంద ఏదో చూసి పటం మీద రాసుకోండి. రెండూ ఒకే కొమ్మకు చివర్లో చీలిన చిగుళ్లు.

ఇప్పుడు కొండెంగ. నల్ల మొహం, బూడిద రంగు ఒళ్లు. కోతులను తరమడానికి మనవాళ్లు తెచ్చి కట్టేసేది దీన్నే. తిండి దొరికినప్పుడు కోతిని గమనించండి. పల్లీలు నమలకుండానే బుగ్గల్లోకి తోసేస్తుంది, రెండు వైపులా బుగ్గలు ఉబ్బుతాయి. తర్వాత ఓ గోడెక్కి కూర్చుని తీరిగ్గా చేత్తో బుగ్గ నొక్కుకుంటూ తింటుంది. అవి బుగ్గ సంచులు. కొండెంగకు అవి లేవు. అది ఆకులు తినే జీవి, ఆకును అరిగించడానికి దాని పొట్టే అరలు అరలుగా ఉంటుంది. కోతి, కొండెంగ వేర్వేరు కొమ్మలని ఇంత దూరం నుంచే చెప్పొచ్చు.

ఇక అద్దం, టార్చ్ తీయండి. నోరు బాగా తెరిచి, కింది దవడలో మొదటి పెద్ద దవడ పన్ను చూడండి. దాని మీద గుబ్బలు లెక్కపెట్టండి. అరిగిపోకపోతే, సిమెంట్ నింపకపోతే, చాలామందికి ఐదు ఉంటాయి. గొరిల్లాకు, చింపాంజీకి, ఒరాంగుటాన్‌కు కూడా ఐదే. కోతి, కొండెంగల అదే పంటి మీద నాలుగు గుబ్బలు, రెండు రెండు చొప్పున కలిసి రెండు గట్లుగా ఉంటాయి. శిలాజాల వేటలో చాలాసార్లు చేతికొచ్చేది ఇట్లాంటి పన్ను ఒక్కటే. దాంతోనే ఇది ఏప్ వైపుదా, కోతి వైపుదా అని మొదటి మాట చెప్పేస్తారు.

తోక సంగతి మీకే తెలుసు. ఏ ఏప్‌కూ తోక లేదు, మనకూ లేదు. వెన్ను చివర చిన్న ఎముక మాత్రం మిగిలింది. జారిపడ్డప్పుడు దాని విలువ తెలుస్తుంది. 2024లో అచ్చయిన ఒక పరిశోధన, ఏప్‌ల టీబీఎక్స్‌టీ అనే జన్యువులో దూరిన ఒక చిన్న డీఎన్ఏ ముక్కకు తోక పోవడంతో సంబంధం ఉందని చూపించింది. ఆ ముక్క మనలోనూ ఉంది, కోతుల్లో లేదు.

ఏ పోలికను నమ్మాలి?

ఈ పాఠంలో కష్టమైన చోటు ఇదే. కోతికి 32 పళ్లు, మనకూ 32. అయితే కోతి మనకు దగ్గరనా? ఆ లెక్కన చేతికి ఐదు వేళ్లున్న తొండ కూడా దగ్గరే కావాలి. ఐదు వేళ్లు చాలా పాత ఆస్తి, ఎందరికో పంచారు. 32 పళ్లు కూడా ఆ పెద్ద చీలిక కంటే ముందటివే. పాత ఆస్తి పంచుకున్నంత మాత్రాన ఎవరు ఎవరికి దగ్గరో తేలదు. ఒక కొమ్మలో కొత్తగా వచ్చి, ఆ కొమ్మ వారసుల్లోనే కనిపించే గుర్తు కావాలి. తోక పోవడం అట్లాంటిది. ఈ పద్ధతిని కట్టుదిట్టంగా చెప్పింది విల్లీ హెన్నిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త, 1950లో. ఆయన కోతుల మనిషి కాదు, పురుగుల మనిషి.

కొత్త గుర్తులతో కూడా బోల్తా పడొచ్చు. ఉత్తర ఆఫ్రికాలో బార్బరీ కోతి ఉంది. దాని తోక లేనట్టే లెక్క. అయితే అది ఏప్‌నా? పళ్లు చూడండి, బుగ్గ సంచులు చూడండి, అన్నీ మన కోతి కులానివే. తోక అక్కడ వేరేగా పోయింది. కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు చెప్పొద్దు. నాలుగైదు గుర్తులు ఒకే మాట చెప్తుంటే అప్పుడు గీత గీయండి.

ఒక్క మెలిక చెప్పి వదిలేస్తాను. చీలిన కొమ్మలు మళ్లీ ఎప్పుడూ కలవవా అంటే, చీలి ఎక్కువ కాలం కాకపోతే కలుస్తాయి. స్వాంటే పేబో అనే శాస్త్రవేత్త బృందం 2010లో నియాండర్తాల్‌ల (మనకు దగ్గరి చుట్టాలైన, ఇప్పుడు లేని పాతకాలపు మనుషుల) డీఎన్ఏను చదివి, ఆఫ్రికా బయటి మనుషుల్లో సుమారు 1 నుంచి 4 శాతం దాకా వాళ్ల వాటా ఉందని చూపించింది. ఆ వాటా మన తెలంగాణ జనంలోనూ ఉంది. ఆయనకు 2022లో నోబెల్ వచ్చింది. దాని గురించి ఆరో భాగంలో వివరంగా చూద్దాం, ఇప్పుడే టెన్షన్ పడకండి.

ఇంటి పని

ఒకటి. రెండో పటంలో పేర్ల వరుస మార్చి, మనిషి ఎడమ చివర, కొండెంగ కుడి చివర వచ్చేట్టు మళ్లీ గీయండి. ఒక్క చీలిక కూడా మారకూడదు. గీతలు ఒకదాన్నొకటి కోసుకున్నాయంటే తప్పు చేశారు.

రెండు. బొనొబో అనే ఏప్ చింపాంజీ నుంచి సుమారు 10–20 లక్షల ఏళ్ల కింద చీలింది. దాన్ని పటంలో చేర్చండి. చేర్చాక చెప్పండి: మనిషికి చింపాంజీ దగ్గరా, బొనొబో దగ్గరా?

మూడు. గొరిల్లా, చింపాంజీ, ఒరాంగుటాన్‌లకు 24 జతల క్రోమోజోములు (కణంలో డీఎన్ఏ ఉండే చుట్టలు), మనకు 23 జతలు. మీ పక్కింటాయన ఇది చదివి, "చూశావా, చింపాంజీ గొరిల్లాకే దగ్గర, లెక్క కుదిరింది" అన్నాడు. ఆయనకు ఈ పాఠంలోని మాటలతోనే, నాలుగు వాక్యాలకు మించకుండా జవాబు రాయండి. ఒరాంగుటాన్‌కు కూడా 24 ఎందుకున్నాయో ఆలోచిస్తే దారి దొరుకుతుంది. మనలో ఆ ఒక్క జత ఎట్లా తగ్గిందో ఐదో భాగం మొదట్లోనే చూద్దాం.