కండెమ్డ్ ఆడుతూ ఎక్కడ ఆగిపోయారు? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా అక్కావాళ్లది విశాఖ వన్‌టౌన్‌లో పాతపోస్టాఫీసు దగ్గర. మా మేనల్లుడు ఇంజినీరింగ్ మూడో ఏడు. సెలవుల్లో ‘కండెమ్డ్: క్రిమినల్ ఆరిజిన్స్’ మొదలుపెట్టి, రెండో రోజే ఫోన్ చేశాడు. “మావయ్యా, ఈ గేమ్ పాడైపోయినట్టుంది. అడ్డుపెట్టినా దెబ్బ తగిలేస్తోంది.” ఎంవీపీ కాలనీ నుంచి వెళ్లి చూస్తే గేమ్ శుభ్రంగా ఉంది. తేడా టీవీలో ఉంది. ఆ రోజు వాడితో కూర్చుని ఒక్కొక్కటీ సరిచేశాం. ఇక్కడ రాస్తున్నవి చాలావరకు అప్పుడు ఎదురైనవే.

ఈ ఆటను మోనోలిత్ ప్రొడక్షన్స్ తయారు చేసింది, సెగా విడుదల చేసింది. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటే వచ్చింది, 2006లో పీసీకి వచ్చింది. మనం ఈథన్ థామస్ అనే ఎఫ్‌బీఐ ఏజెంట్. వరుస హత్యలు చేసేవాడి జాడ కోసం పాడుబడిన భవనాల్లో, మెట్రో సొరంగాల్లో తిరుగుతాం. అన్నీ ఆయన కళ్లతోనే చూస్తాం. అమెరికాలో దీనికి పదిహేడేళ్లు పైబడినవాళ్లకే అనే రేటింగ్ ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వాళ్లు పడుకున్నాకే పెట్టండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. చాలామంది దీన్ని తుపాకీ ఆట అనుకుని మొదలుపెడతారు, అందుకే ఓడిపోతారు. ఇది చెవితో, కంటితో ఆడే ఆట. చేతులది ఆ తర్వాతి వంతు.

సమస్య: అడ్డుపెడుతున్నా దెబ్బ తగులుతోంది

దీనికి రెండు కారణాలుంటాయి. ఏది మీదో ముందు తేల్చుకోవాలి.

మొదటిది అలవాటు. ఈ ఆటలో అడ్డు బటన్ నొక్కి పట్టుకుంటే పని జరగదు. చెయ్యి ఒక్క క్షణం లేచి దిగిపోతుంది. ఎదుటివాడు పైపు ఎత్తగానే నొక్కితే, వాడి దెబ్బ వచ్చేసరికి మీ చెయ్యి కిందికి వచ్చేసి ఉంటుంది. పైగా వాళ్లు కొట్టినట్టే చేసి ఆగిపోతారు, మీరు తొందరపడ్డాక అసలు దెబ్బ వేస్తారు. కాబట్టి వాడి చేతిని చూడకండి, భుజాన్ని చూడండి. భుజం ముందుకు తిరిగినప్పుడు నొక్కండి. అడ్డు సరిగ్గా పడితే వాడు తూలుతాడు, అప్పుడు ఒక్క దెబ్బ వేసి అడుగు వెనక్కి వేయండి. మూడు దెబ్బలు వరసగా వేద్దామనే ఆశ ఉంటే అది మొదటి రోజే మానుకోవాలి.

రెండోది మా మేనల్లుడి కేసు. వాడు లాప్‌టాప్‌ను హాల్లో పెద్ద టీవీకి తగిలించాడు. టీవీలు బొమ్మను అందంగా చూపించడానికి ప్రతి ఫ్రేమ్‌నూ లోపల సానపట్టి వదులుతాయి. సినిమాకి ఆ ఆలస్యం తెలియదు, ఈ ఆటలో ప్రాణం పోతుంది. తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి, మౌస్ మీద వేలు, వెనకాల టీవీ తెర రెండూ కనబడేలా తీయండి. వేలు బటన్ మీద దిగిన ఫ్రేమ్ నుంచి తెర మీద చెయ్యి కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. మావాడు నేలమీద బాసింపట్టు వేసుకుని, వేలితో తెర జరుపుతూ “ఒకటి, రెండు, మూడు” అని లెక్కపెడుతుంటే వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. లెక్క చాలా దూరం పోయింది. టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌ను ‘గేమ్’కి మార్చి, మోషన్ స్మూతింగ్ ఆపేసి మళ్లీ తీశాం. సగం కన్నా తక్కువకు దిగింది. ఆ సాయంత్రమే మెట్రో స్టేషన్ దాటేశాడు.

సమస్య: తుపాకీ దొరికింది, రెండు నిమిషాల్లో ఖాళీ

ఖాళీ అవ్వాలనే అలా తయారు చేశారు. ఇక్కడ తుపాకీలో ఎన్ని గుళ్లుంటే అన్నే. విడిగా గుళ్లు పోగేసుకోవడం ఉండదు, తెర మీద లెక్క కూడా కనబడదు. బటన్ నొక్కి మ్యాగజైన్, అంటే గుళ్లుండే పెట్టె, తీసి చూసుకోవాలి. అది గొడవ మధ్యలో చేయకండి, తలుపు తీసే ముందు చేయండి. గుళ్లు అయిపోయాక తుపాకీని తిరగేసి కర్రలా కొట్టొచ్చు కానీ కాసేపటికి అది విరిగిపోతుంది.

అసలు ఆయుధాలు గోడకున్న పైపులు, మేకులు దిగిన చెక్కలు, గడ్డపార, గొడ్డలి, సుత్తి. ఒకసారికి ఒక్కటే మోయగలం. ప్రతిదానికీ నాలుగు కొలతలు ఉంటాయి: దెబ్బ బలం, వేగం, అడ్డుకునే శక్తి, అందే దూరం. కొత్తవాళ్లు బలం చూసి సుత్తి ఎత్తుకుంటారు. దాన్ని ఊపేలోపు ఎదుటివాడు రెండు వేస్తాడు. అడ్డు బాగా పడేది, ఓ మాదిరి వేగంగా కదిలేది పట్టుకోండి. నా మాట వినండి, మొదటి సగం అంతా మామూలు పైపు చాలు.

టేజర్, అంటే కరెంటు షాక్ కొట్టే పరికరం, ఒకటి ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుంది. వాడాక కాసేపటికి మళ్లీ చార్జ్ అవుతుంది. చాలామంది దాన్ని ఆఖరి నిమిషానికని దాచుకుంటారు. అలా కాకుండా మొదటి దెబ్బకే వాడండి. కరెంటు తగిలి వాడు వణుకుతున్నప్పుడు దగ్గరికెళ్లి చేతిలోది లాక్కోవచ్చు. ఇద్దరు ముగ్గురు ఎదురైతే వెంటనే దూకకండి, చీకట్లో ఆగండి. ఈ మనుషులు తమలో తామే కొట్టుకుంటారు. మిగిలినవాడితో మీరు చూసుకోవచ్చు.

సమస్య: దెబ్బ ఎటునుంచి వచ్చిందో తెలియడం లేదు

ఇది ఆట తప్పు కాదు, వినికిడి తప్పు. కారణాలు వరసగా చూడండి.

టీవీ స్పీకర్లలో ఎడమ కుడి దాదాపు కలిసిపోతాయి. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. దాని మైక్ కూడా ఆన్ అయి ఉంటే ఫోన్ కాల్ నాణ్యతకు పడిపోయి, రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం వస్తుంది. విండోస్‌లో మోనో ఆడియో అనే స్విచ్ పొరపాటున ఆన్ అయి ఉంటే అదే ఫలితం, దాన్ని ఆపేయండి. జగదాంబ జంక్షన్‌లో ఏ మొబైల్ షాపులో అడిగినా ఇచ్చే మామూలు వైరు ఇయర్‌ఫోన్ మిగతావాటికి మందు. పెట్టుకునేటప్పుడు ఎడమది ఎడమ చెవికే పెట్టుకోండి. తారుమారు చేసుకుని గంటసేపు తిట్టుకున్నవాళ్లను చూశాను.

ఇక నడక. పరిగెత్తితే మీ అడుగుల చప్పుడే మీకు వినబడుతుంది. ప్రతి మలుపు దగ్గర ఆగి మూడు లెక్కపెట్టండి. గాజుపెంకు నలిగిన చప్పుడు, ఊపిరి, గొణుగుడు వినిపిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక, కరెంటు లేని ఆ రాత్రుల్లో రేకు ఏ ఇంటి మీద కొట్టుకుంటోందో, తలుపు ఎవరిది తీశారో మా వీధిలో అందరం చెవితోనే చెప్పేవాళ్లం. ఈ ఆట అడిగేది ఆ వినికిడినే.

సమస్య: ఏమీ కనబడటం లేదు, లేదా నలుపంతా బూడిదలా ఉంది

మధ్యాహ్నం కిటికీ తీసుకుని ఆడితే ఏ సెట్టింగూ పనిచేయదు. మన ఊళ్లో సముద్రం వైపు గది అయితే మరీను. పరదా వేయండి, లేదా రాత్రి ఆడండి. తెర పరిస్థితి అప్పుడే తెలుస్తుంది.

చీకటి గదిలో కూడా నలుపు పాలిపోయినట్టు ఉందా? అయితే కంప్యూటర్ పంపే హెచ్‌డీఎంఐ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా హద్దు) ఒకటి, టీవీ అనుకునే రేంజ్ ఇంకొకటి. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో ‘ఫుల్’ పెడితే టీవీలోనూ ఫుల్ ఉండాలి. లిమిటెడ్ అయితే రెండుచోట్లా లిమిటెడ్. నల్లటి చోట్ల వివరమే లేకుండా తారు పోసినట్టు ఉంటే కూడా ఇదే గొడవ, తలకిందులుగా. ఇది సరిచేశాకే గేమ్‌లో బ్రైట్‌నెస్ ముట్టుకోండి. అది కూడా బాగా పెంచేస్తే ఆటలో పసే ఉండదు. టార్చ్ బ్యాటరీ అయిపోదు కాబట్టి దాన్ని ఆపాల్సిన పని లేదు.

సమస్య: మొదట బాగా నడిచి, పది నిమిషాలకు నత్తనడక

పీసీలో ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. గ్రాఫిక్స్ కార్డు కొత్తదైనా, ర్యామ్ ఎంతున్నా వస్తుంది. ఈ ఆట ఇంజన్ (ఆటను లోపల నడిపించే సాఫ్ట్‌వేర్), 2005లోనే వచ్చిన ‘ఫియర్’ అనే ఆట ఇంజన్ ఒకటే. కంప్యూటర్‌కు తగిలించిన మౌస్, హెడ్‌సెట్, కీబోర్డుల అదనపు బటన్ల దగ్గర ఇది తడబడుతుంది, ఆడేకొద్దీ ఫ్రేములు పడిపోతాయి. ముందు అక్కర్లేని యూఎస్‌బీలు అన్నీ పీకేసి, మామూలు మౌస్‌తో ఆడి చూడండి. బాగుపడితే దొంగ దొరికినట్టే. తర్వాత డివైస్ మేనేజర్ తెరిచి, ‘హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్’ కింద ఉన్న వాల్యూమ్ బటన్ల వంటి అదనపు వాటిని ఒక్కొక్కటిగా డిజేబుల్ చేస్తూ చూడండి. మౌస్, కీబోర్డుల అసలు వరసలను కదపవద్దు. ఆట అయ్యాక మళ్లీ ఎనేబుల్ చేసుకోవాలి.

లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటే, ఆట శక్తి తక్కువున్నదాని మీద నడుస్తోందేమో కూడా చూడాలి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆటను ఎంచుకుని ‘హై పెర్ఫార్మెన్స్’ పెట్టండి. ఫ్రేములు సెకనుకు 60 దగ్గర కట్టేస్తే వేడి కూడా తగ్గుతుంది.

వేడి అన్నాను కాబట్టి మన ఊరి సంగతి. మే నెలలో ఆ ఉక్కకు ఏ లాప్‌టాప్ అయినా వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. అక్కావాళ్లింట్లో హార్బర్ వైపు గాలికి ఉదయం తుడిచిన కిటికీ గట్టు సాయంత్రానికి నల్లబడుతుంది. అదే దుమ్ము ఫ్యాన్‌లోకి పోతుంది. మావాడి లాప్‌టాప్ కింది మూత తీస్తే, గాలి బయటికి పోయే జాలీ ముందు నల్లటి దుప్పటి ముక్కలా పేరుకుని ఉంది. వేలితో పట్టి లాగితే ఒక్క పొరగా ఊడొచ్చింది. తుడిచేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా అగ్గిపుల్లతో ఆపి, మెత్తటి బ్రష్ వాడండి. డెస్క్‌టాప్ అయితే ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు మసకబారతాయి. పవర్ తీసేసి, తెల్ల రబ్బరుతో రుద్ది, పొడి తుడిచి పెట్టండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇది తరచుగా చేయాల్సిన పని.

సమస్య: ఆధారం ఎక్కడుందో దొరకడం లేదు

హత్య ఆధారాలు పట్టే పరికరాలు ఈథన్ దగ్గర ఉంటాయి, వాటిని ప్రతి గదిలో తీసి వెతకక్కర్లేదు. ఆధారం ఉన్న చోటికి వెళితే తెర మీద సూచన వస్తుంది. అప్పుడు బటన్ నొక్కితే సరైన పరికరం దానంతట అదే చేతిలోకి వస్తుంది. రావడం లేదంటే మీరింకా ఆ చోటికి చేరలేదు. ఒక అడుగు వెనక్కి, ఒకటి పక్కకు వేసి చూడండి. యూవీ లైటుతో నెత్తుటి జాడలు పట్టుకుని నడవాలి. వాసన పసిగట్టే పరికరంతో నెమ్మదిగా తిరగాలి, దగ్గరయ్యేకొద్దీ సూచన పెరుగుతుంది. ఫొటో తీయమంటే ఆధారం మొత్తం ఫ్రేమ్‌లో పట్టాలి, సగం తెగితే ల్యాబ్‌లో ఉన్న రోసా ఒప్పుకోదు. అసలు పోలీసు పనిలో యూవీ కింద నెత్తురు మెరవదు, నల్లగా కనబడుతుంది. ఆటలో మనకోసం మెరిపించారు.

పరికరం చేతిలో ఉన్నప్పుడు కొట్టలేరు. అందుకే ముందు గది ఖాళీ అని నమ్మకం కుదరాలి.

సమస్య: తలుపు తెరుచుకోవడం లేదు

చెక్క తలుపుకి గొడ్డలి. తాళానికి పెద్ద సుత్తి. తుప్పు పట్టి బిగుసుకున్నదానికి గడ్డపార. కరెంటు తాళమైతే పార, దానితో వైరు తెగ్గొట్టాలి. కావలసింది సాధారణంగా అదే అంతస్తులో ఉంటుంది.

సమస్య: కడుపులో తిప్పుతోంది

అరకు ఘాట్ రోడ్డులో బస్సులో పుస్తకం చదివితే ఏమవుతుందో తెలుసు కదా. అక్కడ చెవి లోపల కదలిక తెలుస్తుంది, కన్ను కదలదు. ఇక్కడ కన్ను కదులుతుంది, ఒళ్లు కదలదు. రెండింటికీ లెక్క కుదరక వాంతి వచ్చేలా ఉంటుంది. తెరకు దూరంగా కూర్చోండి, వెనకాల చిన్న లైటు వెలిగించండి, మౌస్ వేగం తగ్గించండి. మొదటి సూచనకే ఆపేయాలి, ఓర్చుకుని ఆడితే మర్నాడు తెర చూడగానే తిప్పుతుంది. రోజూ ఇరవై నిమిషాలు ఆడుతూ పోతే చాలామందికి అలవాటవుతుంది.

సమస్య: కరెంటు పోయింది, ఆడిందంతా పోయింది

ఇక్కడ చెక్‌పాయింట్లు, అంటే ఆట తనంతట తానే సేవ్ చేసుకునే చోట్లు, మాత్రమే ఉంటాయి, కావాల్సినచోట సేవ్ చేయడం కుదరదు. వానాకాలంలో లైట్లు ఒకసారి మిణుకుమంటే, కొత్త గది మొదలుపెట్టకండి. డెస్క్‌టాప్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

సమస్య: షాపులో బొమ్మలు కదులుతున్నాయి, గ్రాఫిక్స్ తేడానా?

మావాడు ఇదే అడిగాడు, రాత్రి పదకొండున్నరకి, గుసగుసగా. “మావయ్యా, ఇందాక ఈ బొమ్మ అటు తిరిగి ఉంది.” డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో గుడ్డలు తొడిగే బొమ్మల మధ్య మనుషులు దాక్కుని ఉంటారు. మీరు చూపు తిప్పినప్పుడే కదులుతారు. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. వీపు గోడకు ఆనించి, టార్చ్ వాటి మీదే ఉంచి, పక్కకు అడుగులేస్తూ వెళ్లండి.