యాసిడ్ పొయ్యకండి, ముందు ఛాంబర్ మూత తియ్యండి

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ప్లంబింగ్ పని చేస్తాను. "బాత్రూంలో నీళ్లు పోవట్లేదండీ, యాసిడ్ పోసినా కదల్లేదు" అని ఫోన్ వస్తే నాకు మొదటి టెన్షన్ ఆ యాసిడ్ గురించే. నిలిచిన నీళ్లలో అది అలాగే ఉంటుంది, అడ్డం తీసే స్ప్రింగ్ (పైపులోకి దూర్చే పొడుగాటి తీగ) ఆడిస్తే మొహం మీదకి చిందుతుంది. ఎక్కువ పోస్తే, సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టి కరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పైన బ్లీచింగ్ కూడా చల్లారంటే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి.

ఎక్కడ జామ్ అయిందో ముందు తేల్చుకోవాలి. ఒక్క సింకో, ఒక్క నహానీ ట్రాపో (బాత్రూం నేలలో జాలీ కిందుండే గిన్నె) నిలిస్తే అడ్డం అక్కడే. కమోడ్ ఫ్లష్ చేస్తే బాత్రూం జాలీలోంచి గుడగుడమని నీళ్లు పైకొస్తుంటే బయటికెళ్లి, సెప్టిక్ ట్యాంకుకి ముందున్న ఛాంబర్ (ఇంటి పైపులొచ్చి కలిసే చిన్న గుంత) మూత తియ్యండి. అది ఖాళీగా ఉంటే అడ్డం ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య ఉన్నట్టు. అదీ నిండి ఉంటే ట్యాంకుకి వెళ్లే పైపో, ట్యాంకో.

సింకుకైతే బాటిల్ ట్రాప్ (సింకు కిందుండే సీసాలాంటి భాగం) కింద బకెట్ పెట్టి, అడుగు కప్పు విప్పి, మెతుకులూ పేరుకున్న జిడ్డూ కడిగేస్తే చాలు. నహానీ ట్రాపులో జుట్టు, సబ్బు ముక్కలే ఉంటాయి, గ్లౌజు వేసుకుని తీసెయ్యండి. కమోడ్‌కి ప్లంజర్ వాడేటప్పుడు దాని రబ్బరు నీళ్లలో మునగాలి. పక్కనున్న జాలీని తడిగుడ్డతో మూసి పట్టండి, లేకపోతే గాలి అటు పోయి ఒత్తిడి రాదు. నెమ్మదిగా నొక్కి గబుక్కున లాగండి.

ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య అడ్డమైతే, ఛాంబర్‌లోంచి ఇంటివైపు స్ప్రింగ్ గానీ పొడుగాటి వెదురుబద్ద గానీ పోనివ్వాలి. ఎదురుగా నిలబడకండి, ఊడితే నీళ్లన్నీ ఒక్కసారే తోసుకొస్తాయి. బయటపడిన ప్యాడ్లు, తడి వైప్స్, గుడ్డపీలికలు ట్యాంకులోకి నెట్టకుండా అక్కడే తీసి పారెయ్యండి.

ఇక ట్యాంకు. మూత తీస్తే దాని మీదకి వంగకండి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకండి, లోపల మీథేన్ ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ప్రమాదం: ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. బకెట్ జారిపడినా, లోపల మనిషే పడిపోయినా మీరు దిగొద్దు, ఫైర్ వాళ్లకి 101కి ఫోన్ చెయ్యండి. కాపాడదామని దిగినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. శుభ్రం చెయ్యడానికి రక్షణ లేకుండా మనిషిని దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. కూలీ ఎంతిస్తామన్నా సరే, ఎవరినీ దింపొద్దు. ట్యాంకర్ తెప్పించి మోటారుతో తోడించండి. రెండు మూడేళ్లకోసారి తోడిస్తే ఈ అవస్థ చాలావరకు రాదు.

మా డెల్టాలో వానాకాలం సంగతి వేరు. భూమిలో నీళ్లు పైకొచ్చేసి, ట్యాంకు నీళ్లు పోయే ఇంకుడు గుంత ఇంకదు. ట్యాంకు తోడించినా రెండు రోజుల్లో మళ్లీ నిండుతుంది, డబ్బు దండగ. పైగా ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకుల్ని అప్పుడు ఖాళీ చేస్తే కింది నీళ్ల ఒత్తిడికి పైకి తేలే ప్రమాదముంది. నీళ్లు తగ్గేదాకా స్నానాల నీళ్లు, వాషింగ్ మెషిన్ నీళ్లు ట్యాంకులోకి పోకుండా చూసుకోండి.

ట్యాంకర్ అతన్ని "ఎక్కడ పోస్తావు బాబూ" అని తప్పకుండా అడగండి. పంట కాలవలో వదిలేస్తానంటే ఇంకొకర్ని పిలవండి.