కెడిల్‌స్టన్ హాల్‌కి వెళ్తే కింది అంతస్తుతో మొదలుపెట్టండి

ఇంగ్లండ్‌లో డెర్బీ దగ్గరున్న కెడిల్‌స్టన్ హాల్‌కి వెళ్లేవాళ్లు చాలామంది నేరుగా పైనున్న మార్బుల్ హాల్‌కి పోయి, ఆ 20 గులాబి రంగు అలబాస్టర్ (పాలరాయిలా కనిపించే మెత్తటి రాయి) స్తంభాల కింద ఫొటోలు దిగేసి, అలసిపోయి టీ తాగడానికి వెళ్లిపోతారు. మీరు మాత్రం ముందు కింద ఈస్టర్న్ మ్యూజియం చూడండి. ఈ హాల్ కర్జన్ వాళ్ల ఇల్లు, 1905లో బెంగాల్‌ని విడగొట్టిన ఆ వైస్రాయే, మన దేశం నుంచి పట్టుకెళ్లిన సామాను బోలెడు ఇక్కడే ఉంది (చూస్తుంటే కడుపు మండుతుంది, అది వేరే సంగతి). 1903 ఢిల్లీ దర్బార్‌కి ఆయన భార్య వేసుకున్న నెమలి గౌను దగ్గర కాసేపు ఆగండి. అంతా మనవాళ్ల జరీ పనే, ఒక్కో నెమలికన్ను మధ్యలో ఆకుపచ్చగా మెరిసేది రాయి కాదు, పురుగు రెక్క! ఆ గౌను ప్రదర్శనలో ఉందో లేదో బయల్దేరే ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇలాంటి పాత ఇళ్లలో బట్టల రంగు వెలిసిపోకుండా వెలుతురు తగ్గించి ఉంచుతారు, కాబట్టి గదిలోకి వెళ్లగానే కళ్లు అలవాటు పడేదాకా ఒక నిమిషం నిలబడండి. ఫ్లాష్ వద్దు, హీల్స్ అసలే వద్దు, బ్యాక్‌ప్యాక్ ముందుకి తగిలించుకోండి. గదిలో ఊరికే కూర్చున్నట్టు కనిపించే పెద్దాయన నిజానికి అక్కడి గైడే, మొహమాటపడకుండా ఏదైనా అడగండి, బోర్డు మీద లేనివి ఎన్నో చెప్తారు. కలకత్తా గవర్నమెంట్ హౌస్, అదే 2025 దాకా మనం రాజ్‌భవన్ అన్నది, ఈ ఇంటి నమూనాతోనే కట్టారట, ఆ పోలిక ఎక్కడెక్కడ ఉందో అడిగి చూడండి.