సోల కొలత గ్రాముల్లోకి మారిస్తే వంట ఎందుకు తేడా కొడుతుంది? సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్దవాళ్ళను అడిగితే ఇప్పటికీ సోల, తవ్వ, మానిక అనే చెబుతారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇవన్నీ పాత్రలో ఎంత పడుతుందో చెప్పే లెక్కలు. ఊళ్ళో అమ్మ ఫోన్లో చెప్పిన కొలతను సిటీలో కూతురు కాటా మీద పెట్టేసరికి తేడా వస్తుంది.

సమస్య: గ్లాసు అంటే 200 గ్రాములు అనుకుని అన్నీ తూచారు, ఏదీ కుదరలేదు.

కారణం: 200 మి.లీ. గ్లాసులో 200 గ్రాములు తూగేది నీళ్ళే. అదే గ్లాసులో నూనె 182 గ్రాముల దాకా, పంచదార 165 గ్రాముల దాకా, మైదా 100 గ్రాముల దాకా తూగుతాయి. నూనె ప్యాకెట్ మీద 1 లీటరు పక్కన 910 గ్రాములు అని ఉండేది ఇందుకే.

పరిష్కారం: ముందు మీ గ్లాసు ఎంతదో తేల్చుకోండి. ఖాళీ గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మి.లీ. గ్లాసు. తర్వాత తుడిచి ఆరబెట్టి, మీ ఇంట్లో ఉన్న బియ్యం, మినప్పప్పు, చోడిపిండి ఒక్కొక్కటీ అదే గ్లాసుతో తూచి, ఆ అంకె డబ్బా మీదే రాసి అంటించండి. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికల కంటే ఇదే నమ్మకం. అమ్మ దగ్గరున్న సోలను కూడా ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇలాగే తూచి రాసుకుంటే మంచిది. సోల ఊరూరికీ ఒకేలా ఉండదు.

సమస్య: సంక్రాంతికి అరిసెలు చేస్తే నూనెలో విడిపోతున్నాయి, లేదా రాయిలా గట్టిపడుతున్నాయి.

కారణం: పాకం లేతగానో ముదురుగానో ఉండొచ్చు. పాకం బాగానే ఉంటే పిండి కొలత చూడాలి. జల్లించిన తడిపిండి గ్లాసులో పొంగి ఉంటుంది, వేళ్ళతో అదిమితే ఇంకా బోలెడు పడుతుంది. తడిపిండిని తూచినా లాభం లేదు. నానిన బియ్యం తన బరువులో పావు వంతుకు పైగానే నీళ్ళు పీల్చుకుంటుంది, ఎంతసేపు ఆరబెట్టారన్నదాన్ని బట్టి ఆ బరువు మారిపోతుంది.

పరిష్కారం: నానబెట్టక ముందే బియ్యం తూచండి. బెల్లం దిమ్మ కూడా తరిగి కొలవకుండా కాటా మీదే తూచండి, ఎందుకంటే ముక్కలైతే గ్లాసులో ఖాళీలు ఎక్కువ, పొడైతే తక్కువ. ఒకటి విడిపోగానే ఆపేసి, చలిమిడిలో కాస్త పిండి కలిపి మళ్ళీ ఒకటి వేసి చూడండి.

సమస్య: ఆవకాయ ఉప్పు కషాయం అయింది.

కారణం: కల్లుప్పుకు చెప్పిన గ్లాసు కొలతతో మెత్తటి ఉప్పు పోశారు. కల్లుప్పు పలుకుల మధ్య గాలి ఉంటుంది, మెత్తటి ఉప్పు ఆ సందులన్నీ నింపేస్తుంది. అదే గ్లాసుకు ఉప్పు ఎక్కువ పడుతుంది.

పరిష్కారం: ఒక గ్లాసు కల్లుప్పు ఎంత తూగుతుందో చూసి, మెత్తటిదైనా అంతే బరువు వేయండి. పచ్చడి ఇప్పటికే ఉప్పగా ఉంటే మామిడి ముక్కలు, ఆవపిండి, కారం, నూనె కలిపితే సర్దుకుంటుంది, ఉప్పు మాత్రం ఇక వేయొద్దు.

సమస్య: కేక్ పిడచకట్టినట్టు బరువుగా వస్తోంది.

కారణం, పరిష్కారం: కప్పును మైదా డబ్బాలో ముంచి తీస్తే 240 మి.లీ. కప్పులోనే 140 - 150 గ్రాములు పడుతుంది. స్పూన్‌తో వదులుగా పోసి పైన గీస్తే 120 - 125. వంటకంలో గ్రాములు ఇచ్చి ఉంటే అవే తూచండి. కప్పులు మాత్రమే ఇచ్చి ఉంటే 120తో మొదలుపెట్టండి.

అన్నీ సరిచూసినా అంకెలు కుదరకపోతే కాటానే అనుమానించాలి. మెత్తటి గుడ్డ మీద పెట్టినా, బ్యాటరీ అయిపోవస్తున్నా తప్పు చూపిస్తుంది. గట్టి గట్టు మీద పెట్టి, దగ్గు మందు మూతతో 10 మి.లీ. చొప్పున పదిసార్లు నీళ్ళు పోయండి. 100 గ్రాములకు దగ్గరగా రాకపోతే బ్యాటరీ మార్చి మళ్ళీ చూడండి.