చలువ కళ్లద్దాలకు నోటు పరీక్ష

చలువ కళ్లద్దాల మీద ‘యూవీ 400’ స్టిక్కర్ ఉంటుంది, అంటే కంటికి హాని చేసే యూవీ (అతినీలలోహిత) కిరణాలను ఆపుతాయని అర్థం. కానీ, అది నిజమో కాదో చూసి చెప్పలేం. దొంగనోట్లు పట్టే చిన్న యూవీ టార్చి ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చీకటి గదిలో 500 రూపాయల నోటు మీద టార్చి వేయండి. నోటులోని దారం మెరుస్తుంది. ఇప్పుడు టార్చికీ నోటుకీ మధ్య అద్దం పెట్టండి. మెరుపు పోతే అద్దం యూవీని చాలావరకు ఆపుతున్నట్టే. ఇంకా బాగా మెరుస్తుంటే ఆ జోడు వద్దు. నల్లటి అద్దం వెనక కంటిపాప విప్పారుతుంది, యూవీ కిరణాలు ఇంకా లోపలికి పోతాయి. మా పిల్లల జోడు ఒకటి ఇలాగే పక్కన పెట్టేశాం.

ఊదా వెలుతురు బాగా కనిపించే చవక టార్చితో ఈ పరీక్ష తప్పుతుంది, మంచి అద్దంలోంచి కూడా కొంత మెరుపు వస్తుంది. 365 నానోమీటర్లు అని రాసి ఉన్నదే వాడండి.